ఏడుగురు బాక్సర్లు, ఆరు పేర్లు

అది 2002వ సంవత్సరం. ఫ్లెక్సీ బేనర్లు రాజమండ్రిలో అప్పుడప్పుడే కనిపిస్తున్నాయి గానీ, కొత్తగా షాపు తెరిచేవాళ్ళు బోర్డు కోసం ఇంకా మా దగ్గరికే వచ్చేవారు. కంబాలచెరువు దగ్గర ఒక సందులో రేకుల షెడ్డు నాది. బయట ‘సూర్య ఆర్ట్స్’ అని నేనే రాసుకున్న బోర్డు ఉండేది. ఆ బోర్డు చూసి ఇంకో మాట అడక్కుండా పని అప్పగించినవాళ్ళు ఉన్నారు. గొప్పకి చెప్పడం లేదు, ఉన్నదే చెబుతున్నాను.

బోర్డులు రాసేవాళ్ళలో రెండు రకాలు. లెటరింగ్ ఆర్టిస్టు అక్షరాలు రాస్తాడు. ఫిగర్ ఆర్టిస్టు మనుషుల్నీ దేవుళ్ళనీ వేస్తాడు. రెండూ వచ్చని చెప్పుకునేవాళ్ళు చాలామందే ఉంటారు; వాళ్ళ పని చూస్తే ఏది రాదో ఇట్టే తెలిసిపోతుంది. నేను లెటరింగ్ మనిషిని. దారం పట్టకుండా లారీ పొడుగునా తిన్నగా గీత లాగగలను. తెలుగైనా ఇంగ్లీషైనా నా అక్షరం వీధి అవతలి నుంచి చదువుకోవచ్చు. కానీ నా అక్షరం ముందు ఆగి ‘ఆహా’ అన్నవాడు నాకు తెలిసి ఒక్కడూ లేడు. చదువుకుంటారు, లోపలికి పోతారు. ఆగేది బొమ్మ దగ్గరే. నా సర్వీసులో నన్ను లోపల్లోపల తినేసిన సంగతి ఏదైనా ఉందంటే అదే.

బొమ్మలంటే ఊళ్ళో ప్రకాశం పేరే చెప్పేవారు. తాడితోటలో ఉండేవాడు, వయసులో నాకంటే చిన్న. గ్లాస్ బోర్డుల పనిలోంచి పైకొచ్చాడు. గ్లాస్ బోర్డు అంటే అద్దం వెనకవైపు రంగు వేసేది. చూసేవాడు ముందు నుంచి చూస్తాడు కాబట్టి, వేసేవాడు అన్నీ తిరగేసి వెయ్యాలి. కుడి ఎడమవుతుంది, ఎడమ కుడవుతుంది. కంటిలో మెరుపు ముందు పెట్టి, కన్ను తర్వాత వేసి, ముఖం ఆ తర్వాత వెయ్యాలి. ప్రకాశం వేసిన వెంకటేశ్వరస్వామి అద్దాలు మిఠాయి కొట్లలో ఉండేవి. మనం ఎటు నిలబడితే అటు చూసేవాడు స్వామి. కాజాలు కొనడానికి వెళ్ళినవాడు కూడా కాసేపు ఆ అద్దం ముందు నిలబడేవాడు. ఆ కొట్టు పేరు రాసింది నేను. ఆ సంగతి ఎవడికీ పట్టేది కాదు.

పోనీ ప్రకాశం పొగరుబోతు అయినా బాగుండేది, హాయిగా తిట్టుకునేవాణ్ణి. మంచివాడు. ఎక్కడ కనిపించినా “అన్నయ్యా” అంటూ సైకిల్ దిగేవాడు. నా ముందు సిగరెట్ కూడా కాల్చేవాడు కాదు.

“ఇంతకీ ఆ అబ్బాయి మీకేం అపకారం చేశాడండీ?” అని మా ఆవిడ అడిగేది.

“బొమ్మలేస్తాడు” అనేవాణ్ణి.

ఆ ఏడాది ఎండాకాలం వెళ్ళాక రాజుగారు కబురు పెట్టారు. ఆయనది మొగల్తూరు వైపు. ధవళేశ్వరం రోడ్డులో రైస్ మిల్లు ఉండేది. చదువుకునే రోజుల్లో వైజాగ్‌లో కొన్నాళ్ళు బాక్సింగ్ నేర్చుకున్నారట. ముక్కు కొంచెం పక్కకి వంగి ఉండేది. దాన్ని ఆయన పతకంలా చూపించుకునేవారు. మిల్లులో వాడకం మానేసిన గోడౌన్ ఒకటి ఖాళీ చేయించి, మధ్యలో రింగు కట్టించి, బాక్సింగ్ నేర్పే జిమ్ము పెట్టారు. నేవీలో బాక్సింగ్ ఆడి రిటైరైన అప్పలస్వామి మాస్టారుని కోచ్‌గా తెచ్చుకున్నారు. ఇక గోడ మీద ప్రపంచంలోకెల్లా గొప్ప బాక్సర్లు ఉండాలన్నది రాజుగారి ముచ్చట.

ఆ గొప్పవాళ్ళు ఎవరన్న దాని మీదే ఇద్దరికీ పడేది కాదు. రాజుగారికి ఒక్క గుద్దుతో పడగొట్టేవాళ్ళు కావాలి. మాస్టారుకి చురుకైన కాళ్ళు కావాలి.

“ఎందర్ని పడగొట్టాడని కాదండి రాజుగారూ, ఎన్ని దెబ్బలు తగలకుండా తప్పుకున్నాడో చూడాలి” అనేవారు మాస్టారు.

“తప్పుకోవడానికైతే మిల్లులో లెక్కలు రాసుకోవచ్చుగా. బాక్సింగెందుకు?” అనేవారు రాజుగారు.

చివరికి ఏడుగురు తేలారు. వాళ్ళలో ఒకాయన జైల్లో ఉండగా బాక్సింగ్ నేర్చుకున్నాడని, ఒకాయన చెరకు కోతకి వెళ్ళిన చేతులకే గ్లవ్స్ తొడుక్కున్నాడని మాస్టారు చెబుతుంటే వినడానికి బాగుండేది. పేర్లు ఇక్కడ రాయను. బాక్సింగ్ తెలిసినవాళ్ళు తమ ఏడుగుర్ని తామే ఎంచుకుని నాతో పోట్లాటకొస్తారు. తెలియనివాళ్ళకి ఏడు విదేశీ పేర్లు అన్నంలో రాళ్ళలా తగులుతాయి. నాలుగో ఆయన, అంటే సరిగ్గా గోడ మధ్యలో ఉండాల్సిన ఆయన విషయంలో మాత్రం ఇద్దరికీ పేచీ లేదు. అందరికంటే గొప్పవాడు ఆయనేనని ఇద్దరూ ఒప్పుకున్నారు.

“బొమ్మలు ప్రకాశం వేస్తాడు. కింద పేర్లు నువ్వు రాయాలి సూర్రావ్” అన్నారు రాజుగారు.

“బొమ్మ బాగుంటే పేరెందుకండీ?” అన్నాను.

“అదేంటయ్యా! పేరు లేకపోతే మా మొగల్తూరు మావయ్య వచ్చి ‘వీళ్ళంతా మీ మిల్లు కూలీలా?’ అంటాడు. నువ్వే రాయాలి, ఆయ్.”

ఒప్పుకున్నాను. కారణం దాచను. ఒకే గోడ మీద మా ఇద్దరి పనీ పక్కపక్కనే ఉంటుంది. మొదటిసారి జనం పోల్చి చూస్తారు. వాడి బొమ్మ కంటే ముందు నా అక్షరం మీద కన్ను పడేలా చేస్తే చాలనుకున్నాను. ఆ గోడ నాకు అంతవరకే కావాలి.

పద్ధతి ప్రకారం ముందు బొమ్మ, తర్వాత అక్షరం. ప్రకాశం ఒక్కొక్క బొమ్మా పూర్తిచేసి పక్కకి జరుగుతుంటే వెనకాలే నేను పేరు రాసుకుంటూ వచ్చేవాణ్ణి. పక్కనున్న ఆరు బొమ్మల్నీ గ్రాఫ్ పద్ధతిలో వేశాడు. అంటే ఫోటో మీద గళ్ళు గీసి, గోడ మీద అవే గళ్ళు పెద్దవిగా గీసి, గడికి గడి దించడం. మాస్టారు అప్పటికే కుర్రాళ్ళని వెంటబెట్టుకుని పోటీలకి వైజాగ్ వెళ్ళారు. ఓపెనింగ్ ఇంకా కాకపోయినా, జిమ్ములో మిగిలినవాళ్ళు ఎవరికి వాళ్ళు ప్రాక్టీసు చేసుకుంటూ ఉండేవారు.

అలా వచ్చేవాళ్ళలో నాగమణి అనే అమ్మాయి ఒకతె. వాళ్ళ నాన్న ధవళేశ్వరంలో లాకుల దగ్గర లస్కరు. కాలవ తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. కానిస్టేబుల్ సెలక్షన్లకి తయారవుతూ, ఒళ్ళు గట్టిపడుతుందని ఇక్కడ చేరిందట. చేరాక సెలక్షన్ల మాట మర్చిపోయి బాక్సింగ్ పిచ్చిలో పడింది. రోజూ ధవళేశ్వరం నుంచి సైకిల్ మీద వచ్చేది. స్కిప్పింగ్ ఆడి, ఆయాసం తీర్చుకుంటూ వచ్చి గోడ ముందు నిలబడేది. నేను అప్పుడే రాసి ముగించిన పేరు ఆ అమ్మాయి కళ్ళకి ఎదురుగానే ఉండేది.

“పేరు చదివావా అమ్మా?” అన్నాను ఒకరోజు ఉండబట్టలేక.

“ఏ పేరండి బాబాయ్ గారూ?” అంది, కళ్ళు బొమ్మ మీంచి తిప్పకుండానే.

ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం సరిగ్గా తినలేదు.

చివరికి మిగిల్చుకున్న మధ్య బొమ్మకి ప్రకాశం ప్రత్యేకంగా కష్టపడ్డాడు. రాజుగారు దాచుకున్న ఒక పాత ఇంగ్లీషు పత్రికలోంచి నిండు పేజీ ఫోటో తీసుకుని, ఇంటి దగ్గర పెద్ద ట్రేసింగ్ కాగితం మీద నిలువెత్తు బొమ్మ గీసుకొచ్చాడు. గీతల వెంబడి సూదితో దగ్గరదగ్గరగా బెజ్జాలు పొడిచాడు. కాగితాన్ని గోడకి అంటించి, పల్చటి గుడ్డలో మూటగట్టిన బొగ్గుపొడితో తడుతూ పోతే బెజ్జాల్లోంచి పొడి దిగి, గోడ మీద చుక్కల బొమ్మ పడుతుంది. పెద్ద ముఖం పోలిక చెడకుండా దించాలంటే అదే పద్ధతి.

ఆ బొమ్మ పూర్తయిన సాయంత్రం నేను గోడౌన్‌లోకి అడుగుపెట్టి గుమ్మంలోనే ఆగిపోయాను. చెప్పక తప్పదు, అంత బొమ్మ నేను మళ్ళీ చూడలేదు. చెమట పట్టిన భుజం మీద పై దీపం వెలుగు. గడ్డం కింద చిన్న నీడ. ఎదురుగా ఉన్నవాణ్ణి కొట్టబోతున్నాడో, ఎగతాళి చెయ్యబోతున్నాడో తెలియని చూపు. మిల్లు హమాలీలు బస్తాలు దించి వచ్చి, తువ్వాళ్ళు భుజాన వేసుకుని వరసగా నిలబడి చూస్తున్నారు. నాకు కళ్ళు కుట్టాయి. ఒకే కంపెనీ డబ్బాలు, ఒకే బజార్లో కొన్న బ్రష్షులు. వాడి చేతికి ఎలా వచ్చింది, నా చేతికి ఎందుకు రాలేదు? దేవుడి మీద కూడా కోపం వచ్చింది.

“ఎలా ఉంది అన్నయ్యా?” అన్నాడు ప్రకాశం చేతులు కిరసనాయిలుతో కడుక్కుంటూ.

“నీడ కొంచెం ఎక్కువైంది” అన్నాను.

“నిజమేనా? రేపు తగ్గిస్తాలే” అన్నాడు. వాడికి అనుమానం కూడా రాలేదు. బొమ్మలో నిక్కర్ తొడ దగ్గర చెయ్యి పెట్టి చూపిస్తూ, “ఫోటోలో ఇక్కడేవో ఇంగ్లీషు అక్షరాలున్నాయి. అక్షరాలు నీవి కదా, నేను ముట్టుకోలేదు” అన్నాడు.

మర్నాడు పొద్దున్నే వెళ్ళాను. కింద రాయబోయే పేరు కోసం నా దగ్గరున్న విద్యంతా బయటికి తీద్దామనుకున్నాను. బంగారు రంగు అక్షరం, దానికి ఎర్ర అంచు, వెనక నల్లటి డ్రాప్ షాడో. డ్రాప్ షాడో అంటే అక్షరం గోడ నుంచి లేచి నిలబడ్డట్టు కనపడడానికి వెనకాల వేసే నీడ. ముందు నిక్కర్ మీది చిన్న అక్షరాల పని ముగిద్దామని ఫోటో పక్కన పెట్టుకుని పెన్సిల్ తీశాను.

అక్కడ ఆగిపోయాను. ఫోటోలో మొదటి అక్షరం తొడ బయటి అంచు దగ్గర మొదలవుతోంది, చివరి అక్షరం బొడ్డు కిందకి వచ్చి ఆగుతోంది. గోడ మీద నేను ఎడమ నుంచి కుడికి రాస్తే మొదటి అక్షరం బొడ్డు కింద పడి, చివరిది బయటి అంచుకి పోతోంది. అక్షరం ఎటు నుంచి ఎటు నడుస్తుందో చూడడమే నా బతుకు. ఫోటోని గోడకి ఆనించి పట్టుకున్నాను. ఫోటోలో ఆయన ఎడమ చెయ్యీ ఎడమ కాలూ ముందున్నాయి. గోడ మీద కుడి చెయ్యీ కుడి కాలూ ముందున్నాయి.

ప్రకాశం కాగితం తిరగేసి అంటించాడు. అన్నేళ్ళు అద్దాల మీద పనిచేసిన చెయ్యి, తనకి తెలియకుండానే కాగితాన్ని అద్దం కింద పెట్టినట్టు తిప్పి పెట్టేసింది.

నాకు కలిగిన సంతోషం ఎలా చెప్పను? పెళ్ళికొడుకులా నడిచాను రాజుగారి గదికి.

ఆయన వచ్చి ఫోటోనీ గోడనీ మార్చి మార్చి చూశారు. “ముఖం అదే కదయ్యా. ఏమైంది ఇప్పుడు?” అన్నారు.

“ఏమైందా? కుడి ఎడమైందండి! తప్పు బొమ్మ అండి అది!”

“మాస్టారు మధ్యాహ్నం బండికి దిగుతున్నారు. ఆయన్నే చెప్పమందాం” అన్నారు, మీసం సవరించుకుంటూ.

మాస్టారు బ్యాగు భుజానే ఉంచుకుని గోడ ముందుకొచ్చారు. ఒక్క చూపు చాలు. ఆయన ముఖం మాడిపోయింది.

“ఈయన ఎప్పుడూ ఇలా నిలబడలేదండి. కుడిచేతి వాటం ఉన్న బాక్సరు ఎడమ చెయ్యి ముందు పెట్టి, దాంతో చిన్న చిన్న గుద్దులు గుద్దుతాడు. దాన్ని జాబ్ అంటాం. గట్టి చెయ్యి వెనక దాచుకుంటాడు. ఈ బొమ్మలో ఉన్నది సౌత్‌పా, ఎడమచేతి వాటం వాళ్ళు నిలబడే తీరు. ఇక్కడికొచ్చే పిల్లలు నా మాట కంటే గోడనే ఎక్కువ చూస్తారు. ఇది ఉండకూడదు. తుడిచేసి మళ్ళీ వెయ్యండి.”

ప్రకాశం వాదించలేదు. కాసేపు గోడని చూశాడు. “అద్దం అలవాటండి, చెయ్యి తిరిగిపోయింది. తప్పు నాదే” అన్నాడు. తనే వెళ్ళి సున్నం కలిపిన బకెట్టూ వెడల్పు బ్రష్షూ తెచ్చుకున్నాడు. చుట్టూ చేరిన హమాలీలంతా ‘అయ్యో, అంత బొమ్మనా’ అన్నారు. నాకు ఒళ్ళు మండింది. తప్పు చేసినవాడి మీద జాలి, తప్పు పట్టుకున్నవాడి వైపు ఒక్క చూపు లేదు. నేను పట్టుకోకపోతే రేపు ఓపెనింగ్‌లో పదిమంది ముందు పరువు పోయేది వీళ్ళకే కదా!

బ్రష్షు బకెట్టులో ముంచేసరికి నాగమణి ముందుకొచ్చింది.

“తుడవకండి మాస్టారూ.”

మాస్టారు తల తిప్పారు. “నీకెందుకమ్మాయ్?”

“నాకే కావాలండి.” ఆ అమ్మాయి మాట్లాడేటప్పుడు చేతులు వెనక్కి పెట్టుకుంది. “నాది పుర్రచెయ్యండి. ఇంట్లో ఎడం చేత్తో వడ్డిస్తే అమ్మ గరిటతో ఒకటేసేది. బళ్ళో పలక మీద ఎడం చేత్తో రాస్తే దెబ్బలే. ఇక్కడికొచ్చాకైనా పోద్దనుకుంటే, మీరూ తిప్పి నిలబెట్టారు. అలా నిలబడితే నా చెయ్యి నా మాట వినదండి. అందరూ నన్నే కొడతన్నారు. ఈ గోడ మీద ఇంతమంది గొప్పోళ్ళున్నారు, ఈయనొక్కడే నాలాగా నిలబడ్డాడు. గోడ మీద చుక్కల బొమ్మ పడ్డ రోజు నుంచీ, వారంగా ఈయన్ని చూసే చేస్తన్నానండి.”

ఎడమచేతి వాటాన్ని మావైపు పుర్రచేతి వాటం అంటారు. ఆడపిల్లకి అది ఉంటే ఇంట్లోవాళ్ళు పెద్దలోపం కిందే చూస్తారు. ఎడమ చేత్తో నీళ్ళ గ్లాసు ఇచ్చినా తీసుకోనివాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు. మాస్టారుకి అలాంటి పట్టింపులు లేవు గానీ, కొత్తవాళ్ళందరికీ ఒకే తీరు నేర్పడం ఆయనకి సులువు. అందరితో పాటు ఆ అమ్మాయినీ తిప్పేశారు.

“గ్లవ్స్ వేసుకో” అన్నారు మాస్టారు. ఆయన చేతులకి ప్యాడ్స్ తొడుక్కున్నారు. ప్యాడ్స్ అంటే నేర్పేవాడు అరచేతులకి వేసుకునే మందపాటి దిళ్ళు. నేర్చుకునేవాళ్ళు వాటి మీద గుద్దుతారు. “ఎప్పట్లా నిలబడు.”

ఎడమ కాలు ముందు పెట్టి కొట్టింది. దెబ్బలు ఒకటి తగిలి ఒకటి తప్పి, తలుపు మీద మొహమాటంగా తట్టినట్టున్నాయి.

“ఇప్పుడు ఆ బొమ్మలాగా.”

కాళ్ళు మార్చుకుంది. కుడి చేత్తో రెండు చిన్నవి వేసి, వెనక దాచుకున్న ఎడమ చెయ్యి వదిలింది. ఆ చప్పుడుకి గోడౌన్ పైకప్పు మీది పావురాలు లేచిపోయాయి. మాస్టారు ఒకడుగు వెనక్కి పడ్డారు. “మళ్ళీ” అన్నారు. మళ్ళీ కొట్టింది. “మళ్ళీ.” చాలాసేపు అలాగే అంటూ పోయారు. చివరికి ప్యాడ్స్ తీసేసి, అరచేతులు ఊదుకుంటూ రాజుగారితో అన్నారు.

“బొమ్మ ఉండనివ్వండి.”

ప్రకాశం బకెట్టు దూరంగా జరిపి తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. హమాలీలు ఈలలు వేశారు. తప్పు వేసినవాడికి ఈలలు! సరే, కానివ్వండి, పేరు నా చేతిలో ఉంది కదా అనుకుని బంగారు రంగు డబ్బా మూత తీశాను.

“సూర్రావ్ గారూ, ఆగండి” అన్నారు మాస్టారు. “దీని కింద పేరు రాయొద్దు.”

“అదేంటి మాస్టారూ? ఆరుగురికీ ఉండి మధ్యలో ఆయనకి లేకపోతే ఎలా?”

“ఆయన ఎప్పుడూ అలా నిలబడలేదని మీరే కదా పట్టుకున్నది. ఆయన పేరు పెట్టి అబద్ధం రాస్తే ఎలాగండి? బొమ్మ నిజం, పేరు అబద్ధం అయిపోద్ది. ఖాళీగా వదిలెయ్యండి.”

“కనీసం ‘సౌత్‌పా’ అనైనా రాస్తాను. ‘చాంపియన్’ అంటాను. ఏదో ఒకటి!”

“వద్దండి” అన్నారు, చాలా మర్యాదగా.

రాజుగారి వైపు చూశాను. ఆయన తన వంకర ముక్కు తడుముకుంటూ బొమ్మనే చూస్తున్నారు. ఆయన మావయ్య సంగతి గుర్తుచేద్దామనుకున్నాను గానీ, ఆయన నా మాట వినే స్థితిలో లేరు. నా సర్వీసులో రాసిన అక్షరాల కోసం ఎన్నోసార్లు గొడవపడ్డాను. రాయని అక్షరం కోసం గొడవపడి ఓడిపోవడం అదే మొదలు.

ఓపెనింగ్ రోజు జిల్లా నుంచి ఒక పెద్ద అధికారి వచ్చారు. రిబ్బన్ కత్తిరించి, కొబ్బరికాయ కొట్టి గోడ దగ్గరికొచ్చారు. పక్కనున్న ఆరుగురి పేర్లూ గబగబా చదువుకుంటూ పోయారు. మధ్య బొమ్మ దగ్గర ఆగారు. పేరు కోసం కిందకి చూశారు, మళ్ళీ పైకి చూశారు, మళ్ళీ కిందకి చూశారు.

“వీరెవరండీ?”

నేను నోరు తెరవబోయాను. మాస్టారు ముందే అందుకున్నారు. “ఇంకా రాలేదండి” అన్నారు.

అధికారికి అర్థం కాలేదు. రాజుగారు నవ్వి, వెనక నిలబడ్డ నాగమణిని ముందుకి పిలిచి సంగతంతా చెప్పారు. ఇక చూడాలి, సభంతా అక్కడికే వచ్చి పడింది. పత్రికల వాళ్ళు ఆ అమ్మాయిని బొమ్మ పక్కన నిలబెట్టి ఫోటోలు తీశారు. ప్రకాశానికి శాలువా కప్పారు. ఆరు పేర్లు, ఆరింటికీ డ్రాప్ షాడో, మధ్య ఖాళీలు చూసుకుని పేర్చిన అక్షరాలు. వాటిని ఆ రోజు ఎవరైనా చూశారో లేదో నాకు తెలియదు.

జనం పల్చబడ్డాక ప్రకాశం శాలువా మడతపెట్టుకుంటూ నా దగ్గరికొచ్చాడు. “నువ్వు పట్టుకోకపోతే ఇదంతా జరిగేది కాదు అన్నయ్యా. ఈ శాలువా సగం నీదే” అన్నాడు. ఎగతాళి చేశాడేమోనని కళ్ళలోకి చూశాను. చెయ్యలేదు. నిజంగానే అన్నాడు. అప్పుడు నాకు ఇంకా మండింది.

నాగమణి ఆ ఏడు రాష్ట్ర పోటీల్లో రెండో ఆటలోనే ఓడింది. ముక్కు వాచి వచ్చింది. రాజుగారు తన ముక్కు చూపించి ఓదార్చారట. మరుసటేడు పతకం తెచ్చింది. ఆ తర్వాత కానిస్టేబుల్ ఉద్యోగం కూడా వచ్చింది. పతకం వచ్చిన వారమే రాజుగారు నాకు కబురు పెట్టారు. “సూర్రావ్, ఆ జాగా నిండే రోజొచ్చింది. అమ్మాయి పేరు రాసెయ్” అన్నారు.

ఎంత ఆనందంగా వెళ్ళానో! కొత్త డబ్బాలు, కొత్త బ్రష్షులు. రాత్రే అక్షరాలు కాగితం మీద వేసి చూసుకున్నాను. ‘నాగమణి’ చిన్న పేరే గానీ, ‘ణి’ మీది గుడి బాగా తిప్పితే అందమొస్తుంది. గోడ తుడుస్తుంటే ఆ అమ్మాయే వచ్చింది.

“బాబాయ్ గారూ, నా పేరు రాయకండి.”

“అదేంటమ్మా? కష్టపడి సంపాదించుకున్నావు. అడుక్కున్నది కాదు కదా?”

“రాస్తే అది నా బొమ్మయిపోద్దండి. రేపు నాలాంటి పుర్రచేతి పిల్ల ఎవరన్నా వస్తే, ‘ఇది నాగమణక్కది’ అనుకుని ఆ చివరికి పోయి నిలబడుద్ది. ఖాళీగా ఉంటే తనదనుకుంటది. నేను అలాగే అనుకున్నానండి.”

నేను గట్టిగానే వాదించాను. పేరు లేకపోతే రాబోయే తరాలకి ఎలా తెలుస్తుందన్నాను, మాస్టారుని పిలుస్తానన్నాను, రాజుగారి మాట తీసెయ్యకూడదన్నాను. ఆ అమ్మాయి అన్నీ విని, “కాఫీ తాగుతారా బాబాయ్ గారూ?” అంది. ఎడమ చేత్తోనే తెచ్చి ఇచ్చింది. తీసుకుని తాగి, డబ్బాల మూతలు బిగించుకుని ఇంటికొచ్చేశాను.

ఈ పని నాకు నేర్పింది ఒకటుంది. అసూయతో చూసే కన్ను తప్పుని చక్కగా పట్టుకుంటుంది. ప్రేమగా చూసిన ఇంతమందిలో ఒక్కరికీ దొరకని తప్పు నాకు దొరికింది. కానీ ఆ తప్పు ఎవరికి కావాలో, దేనికి పనికొస్తుందో ఆ కన్నుకి కనపడదు. అది కనపడాలంటే నాగమణిలా నిలబడి చూడాలి. నేను పెన్సిల్ పట్టుకుని నిలబడ్డాను.

తర్వాత ఆ జిమ్ముకి ఎడమచేతి వాటం పిల్లలు నలుగురైదుగురు వచ్చారని, అందరూ ముందు ఆ బొమ్మ దగ్గరికే పోతారని విన్నాను. రంగులు వెలిశాయని రాజుగారు పిలిస్తే, ఆరు పేర్లూ మళ్ళీ దిద్దడానికి ఒకసారి వెళ్ళాను కూడా. మధ్యలోకి వచ్చేసరికి బ్రష్షు దానంతటదే ఆగింది. ప్రకాశం మీద కుళ్ళు ఇప్పుడు చాలావరకు పోయింది. ఆ ఖాళీ జాగా మీద మాత్రం పోలేదు. బతుకంతా అక్షరాలు రాసినవాణ్ణి. ఒక్క అక్షరమైనా లేని చోటుని జనం అంతసేపు నిలబడి చూస్తుంటే ఓర్చుకోవడం ఆ రోజు నావల్ల కాలేదు. ఇప్పటికీ కాదు.